ముప్పై ఒక్క పేపర్లు, ఒకే ఉపోద్ఘాతం

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. అది కూడా రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉందనగా వచ్చింది. నాటకం మీద వ్యాసానికి ఉపోద్ఘాతం ఎలా రాయాలో విద్యార్థులకు మరీ శ్రద్ధగా నేర్పినందుకు ఇచ్చారు. కొత్తగా తెలుగు లెక్చరర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు సైదాబాద్‌లో మా ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అని అడుగుతుంటారు. నాకు జరిగిన సన్మానాల గురించి చెబితే వాళ్ళకేం ఉపయోగం? పైగా అవి రెండే. అందుకని ఈ మెమో కథ చెబుతాను. మీకూ అదే చెబుతున్నాను.

వారమంతా నేను పాతబస్తీలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారాలు అదే భవనంలో, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం దూరవిద్య తరగతులు జరిగేవి. వాటిలో తెలుగు సాహిత్యం నాదే. పిల్లలు అని అలవాటుగా అంటాను గానీ, ఆ తరగతిలో సగం మందికి పిల్లలున్నారు. ఒక బస్ కండక్టర్, ఆస్పత్రిలో పనిచేసే ఆయా, మలక్‌పేటలో రేసు గుర్రాలను చూసుకునే మనిషి, గాజుల దుకాణంలో అమ్మకాలు చూసే అతను, ఒక హోంగార్డు, ఇలా అందరూ ఏదో ఒక పనిలో ఉన్నవాళ్ళే. ఆరు రోజులు నిలబడి పనిచేసి, ఏడో రోజు వచ్చి బెంచీ మీద కూర్చోగానే వాళ్ళ కళ్ళు మూతలు పడేవి. నేను లేపేదాన్ని కాదు. పరీక్షల ముందు మాత్రం లేపి, ముఖ్యమైనవన్నీ డిక్టేట్ చేసేదాన్ని.

ముఖ్యమైన వాటిల్లోకెల్లా ముఖ్యమైనది ఉపోద్ఘాతం. "పేపర్ దిద్దేవాళ్ళు మొదటి పేరా చదువుతారు, చివరి పేరా చదువుతారు, మధ్యలో పేజీలు తిప్పుతారు. కాబట్టి మొదటి పేరా గట్టిగా ఉండాలి" అని చెప్పేదాన్ని. అలాంటి గట్టి పేరా ఒకటి నా దగ్గర సిద్ధంగా ఉండేది. ఇదుగో:

"సాహిత్యం సమాజానికి దర్పణం. సాహిత్య ప్రక్రియలన్నింటిలోనూ నాటకం మకుటాయమానం. కళ్ళకూ చెవులకూ ఏకకాలంలో విందు చేసే ఈ ప్రక్రియ అనాదిగా మానవ జీవితాన్ని ప్రతిబింబిస్తూ వస్తోంది. అట్టి నాటకాలలో ప్రస్తుత నాటకం విశిష్టమైనది."

దీని గొప్పతనం ఏమిటంటే ఏ నాటకానికైనా అతుకుతుంది. పౌరాణికమా, సాంఘికమా అని చూసుకోనక్కర్లేదు. నాటకం చదవనక్కర్లేదు కూడా. ఎన్నో బ్యాచ్‌లకు దీన్ని చెప్పాను. ఎప్పుడు రాశానో గుర్తులేదు గానీ, రాసింది నేనే అని గట్టి నమ్మకం ఉండేది.

ఆ సంవత్సరం డిక్టేషన్ చెబుతున్న ఆదివారం కింద వీధిలో ఎవరిదో పెళ్ళి బరాత్ వెళ్తోంది. మర్ఫా డప్పుల మోత కిటికీ రెక్కలను అదరగొడుతోంది. "అనాదిగా మానవ జీవితాన్ని" అన్నాను. ఎవరికీ వినపడలేదు. "మళ్ళీ చెబుతాను, అనాదిగా మానవ జీవితాన్ని" అన్నాను గొంతు పెంచి. అందరూ వంగి రాసుకున్నారు. నేను ముందుకు వెళ్ళిపోయాను.

పరీక్షలు అయ్యాయి, ఫలితాలు వచ్చాయి. మా కేంద్రంలో ముప్పై ఒక్కమంది పేర్ల ఎదురుగా మార్కులు లేవు, 'విత్‌హెల్డ్' అని ఉంది. ఆ తర్వాతి సోమవారం యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నాటకం ప్రశ్నకు ముప్పై ఒక్క జవాబు పత్రాలూ ఒకే పేరాతో మొదలయ్యాయనీ, దాన్నిబట్టి పరీక్ష హాల్లో సామూహికంగా కాపీ జరిగినట్టు అనుమానంగా ఉందనీ, మూడు ఆదివారాల తర్వాత విచారణ కమిటీ వస్తుందనీ అందులో రాశారు. ఒక జవాబు పత్రం మొదటి పేజీ నకలు జతచేశారు. ఆ పేరాలో ఒకచోట ఎర్ర సిరాతో గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

"ఈ ప్రక్రియ, మళ్ళీ చెబుతాను, అనాదిగా మానవ జీవితాన్ని ప్రతిబింబిస్తూ వస్తోంది."

ముప్పై ఒక్కమందీ 'మళ్ళీ చెబుతాను' అని రాశారు. నా మాట మీద ఒక్కరికీ అనుమానం రాలేదు. ఉపాధ్యాయురాలికి ఇంతకంటే గౌరవం ఏముంటుంది చెప్పండి.

మా కోఆర్డినేటర్ చాలా మెత్తటి మనిషి. పై అధికారుల నుంచి ఏ ఉత్తరం వచ్చినా ముందు మంచినీళ్ళు తాగి, తర్వాత విప్పేవాడు. ఆ రోజు విప్పాక కూడా తాగాడు.

"మేడం, ఒక పని చేద్దాం," అన్నాడు గొంతు తగ్గించి. "బజార్ల ఏదో గైడ్ ఉందని రాసేద్దాం. పిల్లలు గైడ్ చూసి బట్టీ పెట్టిన్రు, మనకు తెల్వదు. మీకు పరేషాన్ ఉండదు, నాకుండదు."

"ఆ గైడ్ తెచ్చి చూపించమంటే?"

ఆయన మళ్ళీ గ్లాసు అందుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ సలహా నాకు నచ్చింది. ఎనిమిది నెలల్లో పెన్షన్ కాగితాలు కదలాలి. ఈ వయసులో సర్వీసు రికార్డులో మరక ఎందుకు? సాయంత్రం దాకా ఆ గైడ్‌కు ఏం పేరు పెడితే బాగుంటుందా అని కూడా ఆలోచించాను. ఆ ఆలోచనలోనే ఉండగా కండక్టర్ వచ్చాడు. డ్యూటీ దిగి, ఖాకీ బట్టల్లోనే నేరుగా స్టాఫ్‌రూమ్‌కు వచ్చాడు. కోపం వస్తే మనుషులు అరుస్తారు. అతను అరవలేదు, అది మరీ కష్టంగా అనిపించింది.

"మేడం, మీరు చెప్పింది అక్షరం తప్పకుంట రాసిన. కామాలు సుత రాసిన. గిప్పుడు నన్ను దొంగ అంటున్రు," అన్నాడు. "ప్రమోషన్ కోసం నెలాఖరుకు డిగ్రీ సర్టిఫికెట్ డిపోల ఇయ్యాలె. ఇయ్యకపోతే నా ఎనకటోడు కంట్రోలర్ అయితడు. మళ్ళ ఎన్నేండ్లకు లిస్టు తీస్తరో తెల్వదు. గప్పటిదాంక టికెట్లు కొట్టుకుంట తిరగాలె."

"నువ్వు కాపీ కొట్టలేదని నేను చెబుతాను," అన్నాను.

"మీరు చెప్తరు. నమ్మాలె గదా."

అతను వెళ్ళాక, పక్క టేబుల్ దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఉర్దూ లెక్చరర్ కళ్ళజోడు తీశారు. మా ఇద్దరికీ ఆ స్టాఫ్‌రూమ్‌లో పద్నాలుగేళ్ళ స్నేహం. నేను తెచ్చిన పులిహోర ఆయనకు, వాళ్ళింటి ఖుబానీ మీఠా నాకు.

"ఫికర్ నక్కో కరో మేడం. సచ్ బోల్ దో, అయిపోతుంది," అన్నారు.

"నిజం చెప్పడం సరే. వాళ్ళకు రాయడం వచ్చని ఎలా చూపించాలి? వాళ్ళకు నేను నేర్పింది ఆ పేరా ఒక్కటే."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. "మా గజల్‌కు మొదటి షేర్, అంటే మొదటి రెండు పాదాలు ఉంటాయి కదా, దాన్ని మత్లా అంటాం. కవుల ముషాయిరాలో మత్లా వినంగనే జనం చెవులు నిక్కబొడుచుకుంటరు. అందులో ఏ ప్రాస పట్టుకున్నమో గజల్ ఆఖరిదాంక దానికి కట్టుబడి ఉండాలె. అది మాటిచ్చినట్టు. మీ పేరా మంచిగనే ఉంది మేడం, మస్తు అందంగా ఉంది. కానీ అది ఏం మాట ఇస్తున్నది?"

ఆ పేరా ఎవరికీ ఏ మాటా ఇవ్వదు. అందుకే అన్నింటికీ అతుకుతుంది.

మర్నాడు విద్యార్థుల చేతిరాత నమూనాల కోసమని బీరువా తెరిచి పాత ఇంటర్నల్ పరీక్ష పేపర్లు తీశాను. అందరివీ నా పేరాతోనే మొదలయ్యాయి, 'మళ్ళీ చెబుతాను'తో సహా. నా పేరాయే కదా అని దిద్దేటప్పుడు చదవనేలేదు. ఒక్కటి మాత్రం వేరేగా ఉంది. ఆ ఒక్కటీ ఫలక్‌నుమా వైపు ఒక సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడది. డిక్టేషన్ చెప్పిన ఆదివారం చుట్టాల పెళ్ళికి వెళ్ళి తరగతికి రాలేదు. ఆ కారణంగానే ఆమె ఫలితం ఆగలేదు, పాసయింది కూడా. ఇంటర్నల్ పేపర్లో ఆమె వ్యాసం ఇలా మొదలైంది:

"పొయ్యి వెలిగించిన వంటాయన ఎంతమందికి వండాలె అని అడగలేదు."

దాని కింద ఎర్ర పెన్నుతో నేను రాసిన మాట: "అప్రస్తుతం. ఉపోద్ఘాతం ఎక్కడ?" పదికి మూడు మార్కులు.

ఇక్కడ ఆ నాటకం గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయిన ఇల్లు. ఆ రోజు ఒక పెద్ద అధికారి భోజనానికి వస్తాడని ఇంటి యజమాని చెబుతాడు. ఆయన వచ్చి తింటే ఊళ్ళో పోయిన పరువు తిరిగి వస్తుందని ఆశ. ఇంట్లో యజమాని, భార్య, తల్లి, కూతురు, ఇంకా పాత వంటాయన ఉంటారు. మొదటి అంకంలో పొయ్యి వెలుగుతుంది. రెండో అంకంలో వంట అవుతుంది. మూడో అంకంలో చీకటి పడుతుంది, అతిథి రాడు. వంటాయన ఆ నలుగురికీ వడ్డిస్తాడు. అన్నం సరిగ్గా నలుగురికే సరిపోతుంది, మెతుకు మిగలదు. నేను ఈ చివరి దృశ్యాన్ని ఏటా 'దారిద్ర్యానికి ప్రతీక' అని చెప్పేదాన్ని.

ఆ పేపర్ పట్టుకుని బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాను. తర్వాత నాటకం తీసి మొదటి అంకం చదివాను. నిజమే. వంటాయన కట్టెలు పచ్చిగా ఉన్నాయంటాడు, ఉప్పు సన్నదంటాడు, చింతపండు పాతదంటాడు. ఎంతమందికి అని మాత్రం ఒక్కసారీ అడగడు. ఇన్నేళ్ళు పాఠం చెప్పిన నాకు అది కనపడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె పనిచేసే బడికి వెళ్ళాను. పిల్లల భోజనాలు అయిపోయాయి. బోరింగు దగ్గర చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, మనిషి కూర్చునేంత గిన్నెను కొబ్బరి పీచుతో తోముతోంది. నన్ను చూసి లేచింది.

"అయ్యో మేడం, మీరేంది గిట్లొచ్చిన్రు? నేను పాసైన గదా?"

"పాసయ్యావు. దీని గురించి వచ్చాను," అని పేపర్ చూపించాను.

ఆమె దాన్ని చూసి నవ్వింది. "మీరు ఎర్రపెన్ను పెట్టిన్రని మా బిడ్డకు చెప్పలే. అది సుత డిగ్రీ చదువుతుంది. దానికంటే ముందు నేను పాస్ కావాలెనని ఇంట్ల పందెం."

"తప్పు నాది. అడగలేదన్న సంగతి నీకెలా తట్టింది?"

"గండ్ల తట్టేదేముంది?" అంది ఆశ్చర్యంగా. "పొద్దున బడికి రాంగనే పెద్దసారును నేను అడిగే మొదటి మాట గదే, ఇయ్యాల ఎంతమంది అని. గది తెల్వకుంట బియ్యం ఎట్ల కడుగుత? గా నాటకంల వంటాయన ముచ్చట్లన్ని చెప్తడు గని గా మాట అడగడు. నాకు గాడనే సమజైంది. ఎవ్వరు రారని ఆయనకు ఎరుకే. పొద్దుగాలనే ఎరుక. ఇంట్ల నలుగురికే బియ్యం పోసిండు. వాళ్ళ ఇజ్జత్ పోవద్దని నోరిప్పలే."

నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది.

"మరి మార్కులు కలుపుతరా మేడం?"

"మార్కులు ఎప్పుడో యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి."

"గంతేనా," అని మళ్ళీ నవ్వింది. ఆదివారం వచ్చి తరగతిలో ఈ మాటే చెప్పమన్నాను. బతిమాలితే గానీ ఒప్పుకోలేదు.

మొదటి ఆదివారం ముప్పై ఒక్కమందీ వచ్చారు. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. ముందు నేను తప్పు ఒప్పుకున్నాను. నేను చెప్పిన పేరా మిమ్మల్ని ఇరకాటంలో పెట్టింది, కమిటీకి ఆ సంగతి నేనే రాసి ఇస్తున్నాను అన్నాను. తర్వాత వంటావిడ లేచి, కొంగు భుజం మీదుగా కప్పుకుని, బోరింగు దగ్గర నాకు చెప్పిందే చెప్పింది. గుర్రాలను చూసుకునే అతను మెల్లగా "వారెవా" అన్నాడు.

నాకు ఉత్సాహం పెరిగిపోయింది. "చూశారా, ఇదీ ఉపోద్ఘాతం. ఇప్పుడు మీరు రాయండి" అని కాగితాలు పంచాను. అరగంట తర్వాత సంతోషంగా పోగుచేసి మొదటిది చదివాను. 'పొయ్యి వెలిగించిన వంటాయన ఎంతమందికి వండాలో అడగలేదు' అని ఉంది. రెండోది చదివాను. మూడోది చదివాను. ముప్పై ఒక్కమందీ వంటాయనతోనే మొదలుపెట్టారు.

తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాను. కమిటీ ముందు ఇవే పెడితే కేసు రెండవుతుంది. ఏమైందని వంటావిడ అడిగితే కాగితాలు చేతికిచ్చాను. నాలుగైదు చూసింది. చూసి తరగతి వైపు తిరిగింది.

"నేను వండిన కూర మీరెందుకు వడ్డిస్తున్రు?" అంది. "నేను వంటదాన్ని గనక నాకు వంటాయన కనవడ్డడు. మీకు కండ్లు లేవా? అసలు మీరు పుస్తకం చదివిన్రా?"

చివరికి కండక్టర్ అన్నాడు, "నోట్సు చదివినం అక్కా."

అప్పుడు అర్థమైంది నాకు. ముప్పై ఒక్కమందిలో ఒక్కరు కూడా నాటకం చదవలేదు. చదవాల్సిన అవసరం లేకుండా నేనే చేశాను.

రెండో ఆదివారం పాఠం చెప్పలేదు. నాటకం ప్రతులు ఎనిమిది దొరికాయి. ముగ్గురికో నలుగురికో ఒకటి ఇచ్చి, పాత్రలు పంచి, పైకి చదివించాను. ఒకటే నియమం పెట్టాను. చదువుతుండగా ఎవరికైనా 'గిదేంది, గిట్లెందుకు?' అనిపిస్తే చెయ్యెత్తాలి, అందరం ఆగాలి. మొదటి గంట ఒక్క చెయ్యీ లేవలేదు. ఆస్పత్రిలో పనిచేసే ఆయా, యజమాని తల్లి మాటలు చదువుతోంది. కూతురి మాటలు చదవడానికి ఎవరూ రాకపోతే గాజుల దుకాణం అతను చదివాడు, గొంతు సన్నగా పెట్టి. అందరూ నవ్వారు. నవ్వాక కొంచెం ధైర్యం వచ్చినట్టుంది, చేతులు లేవడం మొదలైంది.

కొన్ని ప్రశ్నలు ఎందుకూ పనికిరానివి. "గా అధికారికి జీతమెంత మేడం?" అన్నాడు ఒకడు. కానీ కొన్ని విని నేను పుస్తకం మూసి ఆలోచించాల్సి వచ్చింది. బోర్డు మీద మూడు మాటలు రాశాను. నన్ను ఆపింది ఏమిటి, దానికి నా జవాబు ఏమిటి, దాన్ని ఎలా చూపిస్తాను. "ఉపోద్ఘాతం అంటే ఈ మూడే. సమాజం, దర్పణం ఏమీ వద్దు" అన్నాను. హోంగార్డు చెయ్యెత్తాడు. "మేడం, దర్పణం పూరగ తీసెయ్యాల్నా?" అన్నాడు దిగులుగా. అతనికి ఆ పేరా అంటే ప్రాణం. దాన్ని కంఠతా పట్టడానికి వారం రోజులు పట్టిందట.

మూడో ఆదివారం కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షుడు పెద్ద ప్రొఫెసర్, తెల్లటి మీసాలు, ఖద్దరు జుబ్బా. నా లేఖ ఆయన ముందు ఉంది. మా కోఆర్డినేటర్ అప్పటికే రెండు సీసాల నీళ్ళు తాగి ఒక మూల కూర్చున్నాడు.

"ఈ పేరా మీరు డిక్టేట్ చేశారని రాశారు," అన్నారు ప్రొఫెసర్.

"అవునండి."

"మీ సొంతంగా రాసిందేనా?"

"అవునండి," అన్నాను, కొంచెం గర్వం కూడా మిగిలి ఉన్నట్టుంది గొంతులో.

ఆయన కాగితం కింద పెట్టి, పైకప్పు వైపు చూస్తూ పేరా మొత్తం చూడకుండా అప్పజెప్పారు. 'విశిష్టమైనది' దగ్గర ఆగుతారనుకున్నాను. ఆగలేదు. "కావున ఆలోచనాపరులైన పాఠకులకు ఇది సదా పఠనీయం, సదా ఆచరణీయం" అని ఇంకో వాక్యం చెప్పి ముగించారు.

"మేము బి.ఏ. చదివేటప్పుడు మా మాస్టారు చెప్పారు," అన్నారు. "మీకు చెప్పిన మాస్టారు ఆఖరి వాక్యం తగ్గించి ఉంటారు."

నా ముఖం ఏమైపోయిందో తెలియదు. ఆయన మీసాల చాటున నవ్వుతున్నారని మాత్రం తెలిసింది. మిగతా ఇద్దరు సభ్యులు ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళకూ ఆ పేరా వచ్చే ఉంటుంది.

"సరే. బట్టీ పట్టడం నేరం కాదు. కానీ ఆ తర్వాత రాసిన జవాబు వాళ్ళదేనని నేను నమ్మాలి కదా. ఒక ప్రశ్న ఇస్తాను. ఉపోద్ఘాతం మాత్రం రాయమనండి. అరగంట. మీరు బయట ఉండండి."

ఆయన ఇచ్చిన ప్రశ్న: 'ఈ నాటకంలో అతిథి పాత్రను చర్చించండి.' రానేరాని మనిషి గురించి ప్రశ్న. స్టాఫ్‌రూమ్‌లో ఉర్దూ లెక్చరర్ నా కోసం సెలవు రోజైనా వచ్చి కూర్చున్నారు. ఇద్దరం చాయ్ తెప్పించుకున్నాం గానీ నా కప్పు అలాగే చల్లారిపోయింది. ఆయన ఏవో పాత ముచ్చట్లు చెప్పారు. ఏం చెప్పారో ఇప్పటికీ గుర్తులేదు.

అరగంట దాటాక పిలిచారు. నేను వెళ్ళేసరికి ప్రొఫెసర్ ఒక కాగితం చదువుతున్నారు. "ఇది ఎవరిది?" అన్నారు. కండక్టర్ లేచి నిలబడ్డాడు. ఆయన పైకి చదివారు.

"అతిథి రాలేదని అందరూ అంటారు. వచ్చిందని నేను అంటాను. అతిథి కోసం ఉంచిన కుర్చీని మొదటి అంకంలో ఒకసారి, రెండో అంకంలో ఒకసారి తుడుస్తారు. యజమాని తల్లి రెండు అంకాల్లోనూ నిలబడే ఉంటుంది, ఆమెను ఎవరూ కూర్చోమనరు. మూడో అంకంలో ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆ ఇంట్లో గౌరవం చెయ్యాల్సిన మనిషి ఇంట్లోనే ఉందని ఈ నాటకం చెబుతోంది. ఆ కుర్చీ దగ్గర ఎవరు ఏం చేశారో వరసగా చూపిస్తాను."

"నీకిది ఎట్లా తట్టింది?" అన్నారు ప్రొఫెసర్.

"బస్సుల కర్చీఫ్ ఏసి సీటు ఆపుతరు గద సార్," అన్నాడు కండక్టర్. "ఆపినోడు ఎక్కకపోతే, గప్పటిదాంక ఎవరు నిలవడ్డరో వాళ్ళే కూసుంటరు. గది రోజు చూస్త."

ఆయన ఆ కాగితాన్ని విడిగా పక్కన పెట్టారు. గుర్రాలను చూసుకునే అతను, తెర వెనక రెండుసార్లు వినిపించే గుర్రపు డెక్కల చప్పుడు పట్టుకున్నాడు. రెండుసార్లూ 'దూరమవుతున్న చప్పుడు' అనే ఉందనీ, దగ్గరవుతున్న చప్పుడు ఒక్కటీ లేదనీ, కాబట్టి అతిథి ఆ వీధిలోంచి వెళ్ళాడు గానీ ఈ ఇంటికి రావాలని ఎన్నడూ అనుకోలేదనీ రాశాడు. కొన్ని సాదాసీదాగా ఉన్నాయి. ఒకటి రెండింటిలో సమాజం మళ్ళీ దూరింది. అయినా ఒకదానిలా ఇంకొకటి లేదు. ప్రొఫెసర్ ఒక్కొక్కటీ దొంతిలో పెడుతూ వచ్చి, ముప్పై ఒకటో కాగితం దగ్గర ఆగారు. కళ్ళజోడు పైకి తోసుకుని, ఏమీ అనకుండా దాన్ని నా వైపు తిప్పారు.

"సాహిత్యం సమాజానికి దర్పణం. సాహిత్య ప్రక్రియలన్నింటిలోనూ నాటకం మకుటాయమానం..."

హోంగార్డు తల దించుకుని నిలబడ్డాడు. పొద్దున్నే ట్రాఫిక్ డ్యూటీ చేసి, అటునుంచి అటే వచ్చాడు. "కాగితం చూడంగనే అన్ని మర్షిపోయిన సార్," అన్నాడు. "చెయ్యి దానంతట అదే రాసుకుంట పోయింది."

గదిలో ఎవరూ నవ్వలేదు. సభ్యుల్లో ఒకాయన "ఇతని ఫలితం ఆపేద్దామా?" అని మెల్లగా అన్నాడు. ప్రొఫెసర్ చెయ్యి అడ్డం పెట్టారు.

"నాటకం చదివావా నాయనా?"

"చదివిన సార్. పోయిన ఆదివారం అందరం కలిసి చదివినం."

"చదువుతుంటే నీకేం అనిపించింది? భయపడకు, ఉన్నది చెప్పు."

హోంగార్డు నా వైపు చూశాడు. నేను ఏం చెప్పగలను? అతను నేల చూస్తూనే అన్నాడు.

"ఆకలైంది సార్."

కోఆర్డినేటర్ కళ్ళు మూసుకున్నాడు. ప్రొఫెసర్ మాత్రం ముందుకు వంగారు. "ఎందుకైంది?"

"పొద్దున పొయ్యి పెట్టిన కాన్నుంచి ఒకటే వంట ముచ్చట సార్. పులుసు మసులుతది, నెయ్యి కాగబెడతరు. ఒక్కరు ముద్ద నోట్ల పెట్టరు. పిల్ల అడిగితే సుత పెద్దాయన వచ్చినంక అంటరు. నాకు మస్తు కోపమొచ్చింది. రానోని కోసం ఉన్నోళ్ళ కడుపు ఎండగడ్తరా?"

ప్రొఫెసర్ తెల్ల కాగితం ఒకటి తీసి అతని చేతికిచ్చారు. "ఇదే రాయి. పది నిమిషాలు."

అతను నిలబడే, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని రాశాడు. మేమంతా అతని వీపు చూస్తూ కూర్చున్నాం. రాసి తెచ్చి ఇచ్చాడు. ప్రొఫెసర్ చదివి వినిపించారు.

"ఈ నాటకం చదివితే ఆకలవుతుంది. పొద్దున నుంచి రాత్రి దాకా ఇంట్లో వంట వాసన ఉంటుంది, కానీ ఎవరూ తినరు. రాని మనిషి కోసం ఉన్నవాళ్ళను పస్తులుంచడమే ఈ ఇంటి పరువు. ఆ పరువు కోసం ఎవరెవరు ఎంతసేపు ఆకలితో ఉన్నారో మూడు అంకాల్లో చూపిస్తాను."

చదివి, కాగితం రెండుసార్లు మడిచి, మళ్ళీ విప్పి, దొంతి పైన పెట్టారు. "నలభై ఏళ్ళు సాహిత్యం చెప్పాను," అన్నారు ఎవరితోనో అన్నట్టు. "నాకు ఏ నాటకం చదివినా ఆకలి కాలేదు." తర్వాత గడియారం చూసుకుని, "ఇప్పుడైతే అవుతోంది. ఇక్కడ దగ్గర్లో భోజనం ఎక్కడ బాగుంటుంది?" అని హోంగార్డునే అడిగారు. అప్పుడు నవ్వారు అందరూ. కోఆర్డినేటర్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

వారం తిరక్కముందే ఫలితాలు విడుదలయ్యాయి. ముప్పై ఒక్కమందీ పాసయ్యారు. కండక్టర్ సర్టిఫికెట్ తీసుకుని డిపోలో ఇచ్చేసరికి గడువుకు రెండు రోజులు మిగిలి ఉన్నాయి. ఆ సాయంత్రం స్వీట్ల డబ్బాతో స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, ఈసారి మాత్రం గట్టిగా అరిచి మరీ చెప్పాడు. వంటావిడ కూతురు ఆ ఏడాది ఒక పేపర్ తప్పింది. పందెం తల్లే గెలిచింది, కానీ గెలిచానని చెప్పుకోవడానికి మొహమాటపడింది. కూతురికి ఆ పేపర్ తనే చదివిస్తున్నానని చెప్పింది.

నాకు మెమో వచ్చింది. విద్యార్థులకు సిద్ధంగా ఉన్న జవాబులు డిక్టేట్ చేయరాదని, ఇకముందు జాగ్రత్త వహించాలని నాలుగు వాక్యాలు. చాలా చక్కగా రాశారు. మొదటి వాక్యంలోనే విషయం ఉంది. సంతకం పెట్టి తీసుకున్నాను. పెన్షన్‌కు దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

మిగిలిన నెలల్లో ఇంకో బ్యాచ్ వచ్చింది. మొదటి ఆదివారం తరగతిలోకి వెళ్ళి, పుస్తకం తెరిచి, ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయిని చదవమన్నాను. ఆమె చదవలేదు. బ్యాగులోంచి కొత్త నోటుబుక్కు తీసింది, మార్జిన్ గీసింది, పెన్ను పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"చెప్పుండ్రి మేడం. రాసుకుంటం."

"రాసుకోవద్దు. చదువు, అందరం విందాం," అన్నాను.

వెనక బెంచీల్లో ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టింది. పెట్టింది గానీ, నా మీద నమ్మకంతో మాత్రం పెట్టలేదు.